ఒక తలుపుకు రెండు తాళములు

ధ్యానవాక్యము: లేవీయకాండము 25:23



భూమిని శాశ్వతముగా అమ్మివేయకూడదనియు, భూమి తనదే గనుక ఇశ్రాయేలీయులు తనయొద్ద బసచేయు పరదేశులవంటివారనియు దేవుడు మోషేద్వారా తెలియజేసెను. ఈ వాక్యముమీద నేను పలుమారులు ప్రసంగించితిని. అయితే దాని అర్థమును గత మే నెలలో ఒక తేయాకు తోటలో, మూడు రాత్రులకు బాడుగకు తీసికొనిన ఇంటిలో నేర్చుకొంటిని. చెప్పుటకు సిగ్గుగా నున్నది. అయినను చెప్పెదను.

మా అక్క కుమార్తె కోయంబత్తూరులో నర్సు పని చేయుచున్నది. "మామా, ఎండలకు పిల్లలు వాడిపోయినారు. కోటగిరి దగ్గర ఒక ఎస్టేటులో కాటేజీ మాట్లాడినాను, రండి" అని పిలిచెను. మేట్టుపాళయము దాటి కొండదారిని ఎక్కి పోయితిమి. అది ఆరువేల అడుగులకు దగ్గర ఎత్తు. కోయంబత్తూరు కలెక్టరైన జాన్ సల్లివన్ దొర 1819లో వచ్చి మొదట ఇల్లు కట్టుకొనినది ఆ ప్రాంతమందే. దొర రాకముందే బడగలు, కోతలు, తోడలు ఆ కొండలమీద కాపురముండిరి. ఎవరి కొండ ఇది అని అడిగినచో నేటికిని జవాబు చెప్పుట కష్టమే.

కాటేజీ అనగా హోటలు కాదు. ఇల్లు, పొయ్యి, పాత్రలు, పరుపులు వారివి. బియ్యము పప్పు మనవి, వండుకొనవలసినదియు మనమే. మా సామాను దించుకొని లోపలికి పోవుసరికి వంటింటి గడపమీద నా తమ్ముడు నిలిచియుండెను. వాడు వచ్చునని నాకు ఎవరును చెప్పలేదు. నేను వచ్చెదనని వానికిని చెప్పలేదట. ఇదంతయు మా అక్క పన్నిన పన్నాగము.

నా తమ్మునితో నేను మాటలాడి మూడు సంవత్సరములాయెను. మా నాయన కట్టిన ఇల్లొకటి మా ఊరిలో ఉన్నది: రెండు గదులు, ముందు వేపచెట్టు, మొత్తము అయిదు సెంట్లు. నాయన పోయిన తరువాత తమ్ముడు నడుమ గోడ పెట్టుకొందమనెను. పెద్దవాడను నేనుండగా గోడ ఏమిటని నేనంటిని. మాట పెరిగెను. నేను వాని భార్యను కూడ ఒక మాట అంటిని. ఆ మాట ఇక్కడ వ్రాయను. మరునాడు తలుపుకు నేనొక తాళము వేసితిని. సాయంత్రమునకు దానిప్రక్కన వాడొక తాళము వేసెను. అంతే. ఒక తలుపుకు రెండు తాళములు, లోపల చెదలు. ఆ మూడు సంవత్సరములును నేను ప్రతి నెల బల్లయొద్ద రొట్టె విరుచుచునే యుంటిని. అర్పణ బలిపీఠమునొద్ద విడిచి మొదట సహోదరునితో సమాధానపడుమను మత్తయి 5వ అధ్యాయపు మాటను సంఘమునకు చదివి వినిపించుచునే యుంటిని.

ఆ వంటింటి తలుపు వెనుక ఒక కాగితము అంటించియుండెను. అన్నపు గిన్నెలు 3, గరిటెలు 4, పళ్ళెములు 8, లోటాలు 8, దుప్పట్లు 10. పోవునప్పుడు లెక్క సరిచూచి అడ్వాన్సు తిరిగి ఇత్తురట. షూనేమీయురాలు ఎలీషాకొరకు మేడగదిలో మంచము, బల్ల, పీట, దీపము ఉంచెనని రాజులు రెండవ గ్రంథము 4వ అధ్యాయములో ఉన్నది. ఆమె తలుపు వెనుక జాబితా అంటించినట్లు మాత్రము వ్రాయబడలేదు. కాని ఆ కాగితమును చూచుచుండగా నాకొకటి తోచెను. ఇక్కడ ఏ గరిటె నాదని ఎవరును పోట్లాడరు. అన్నియు వాడుకొందుము, కడిగి పెట్టుదుము, పోదుము.

మేము పదిమందిమి, పళ్ళెములు ఎనిమిది. మొదటి రాత్రి ఆడవారిని, పిల్లలను, బావను కూర్చుండబెట్టిరి. మిగిలినది నేనును తమ్ముడును. పళ్ళెములు ఖాళీయగువరకు మేమిద్దరము గోడకు చెరియొక ప్రక్కన నిలిచియుంటిమి. ఒక్క మాటయు లేదు. పైగా ఆ రాత్రి పప్పు ఉడకలేదు. అంత ఎత్తున నీళ్ళు తక్కువ వేడికే మరుగును గనుక పప్పు చాలసేపటికి గాని మెత్తబడదు. జాబితాలో కుక్కరు లేదు, మావారు తేనులేదు. పలుకుపప్పే తిని పండుకొంటిమి.

తెల్లవారకముందు పొగ వాసనకు లేచి బయటకు వచ్చితిని. మంచు దట్టముగా కమ్మియుండెను. పెరటిలో మూడు రాళ్ళు పెట్టి తమ్ముడు మంట వేసియుండెను. ఆ యిల్లు ఊడ్చు పెద్దమ్మ తోటలో కత్తిరించిన తేయాకు కొమ్మలు ఎండినవి తెచ్చి ఇచ్చెనట. తేయాకు మొక్కను నాలుగైదేండ్లకొకసారి మోకాలి ఎత్తుకు నరుకుదురు. లేనిచో అది చెట్టై పోవును, ఆకు చేతికందదు. ఆ కొమ్మలే అక్కడివారికి వంటచెరకు. వాడు నాలుగు గంటలనుండి కూర్చుండి పప్పు ఉడికించి, సంగటి కెలికి పెట్టెను. నన్ను చూచి, తల ఎత్తకయే, "అన్నా, వేడిగా ఉన్నప్పుడే తిందువు రా" అనెను.

సహోదరులారా, యోహాను సువార్త 21వ అధ్యాయము నేను సెమినరీలో చదివితిని, పరీక్ష వ్రాసితిని. తిబెరియ సముద్రతీరమున ప్రభువు నిప్పులు వేసి, చేపలను రొట్టెను సిద్ధపరచి శిష్యులను భోజనమునకు పిలిచెను. పేతురు ప్రభువును ఎరుగనని బొంకినదియు నిప్పులయొద్దనే. ఆ దినమున ప్రభువు మొదట లెక్క అడుగలేదు, మొదట తినుమనెను. ప్రశ్న తరువాత వచ్చెను. నేను పేతురు చోట కూర్చుండి తింటిని. సంగటి గొంతు దిగుట కష్టమాయెను.

మేము తినుచుండగా ఆ పెద్దమ్మ వచ్చెను. మేము చిత్తూరు ప్రాంతపువారము, అరవము వచ్చును, గనుక మాటలు కలిసెను. ఆమె పుట్టినది సింహళములో. 1964లో లాల్ బహదూర్ శాస్త్రిగారును సిరిమావో బండారనాయకేగారును చేసికొనిన ఒప్పందములో, అక్కడి తోటలలోని భారత సంతతివారిలో 5,25,000 మందిని చేర్చుకొనుటకు మన దేశము ఒప్పుకొనెను. ఆలాగున ఆమె పిల్లగా ఉన్నప్పుడు తలైమన్నారునుండి ఓడలో రామేశ్వరము వచ్చి, ఈ కొండలు చేరెను. నాటినుండి నేటివరకు తోటవారి లైను ఇంట ఒక గది. తోటపనివారికి యజమానులే నివాసమియ్యవలెనని 1951లో చట్టము చేసిరి. మంచిదే. కాని పని ఉన్నంతకాలమే ఆ గది. ఆమెకు వచ్చే యేడు యాభై యెనిమిది నిండును, ఖాళీ చేయవలెను. కొడుకు తిరుప్పూరు బనియను మిల్లులో ఉన్నాడు. వానిదియు బాడుగ గదియే.

ఆమె మమ్మును అడిగెను: "మీకు ఊరిలో సొంత ఇల్లుందా?"

నేను పలుకలేదు. తమ్ముడు, "ఉంది. మా నాయన కట్టింది. అన్నదీ నాదీ" అనెను.

"అట్లయితే మిమ్మల్ని ఎవరూ ఖాళీ చేయమనరు" అని ఆమె తలయూపి, బూడిద ఎత్తుకొని పోయెను.

ఇక్కడ ఒక మాట చెప్పవలెను. భూమి దేవునిదే, మనము పరదేశులమే అను వాక్యమును చూపి, బీదవానితో పట్టా ఎందుకురా అని చెప్పువారిని నేనెరుగుదును. అది వాక్యమును తలక్రిందులు చేయుట. అదే అధ్యాయము 10వ వచనము చూడుడి. ఏబదియవ సంవత్సరమున పోగొట్టుకొనిన ప్రతివాడును తన స్వాస్థ్యమునకు తిరిగి రావలెను. దేవుడు భూమి నాదనుట, ఉన్నవాడు లేనివానిని శాశ్వతముగా వెళ్ళగొట్టకుండునట్లు. మండలాఫీసుచుట్టు తిరిగి చెప్పులరుగగొట్టుకొనిన మన సంఘస్థులు తిరుగుట మానవలసిన పని లేదు. ఆ వాక్యము వారికి ఆదరణ. మందలింపు నావంటివానికి, అనగా ఇల్లుండి దానికి తాళము వేసినవానికి. స్వాస్థ్యము పంచిపెట్టుమని ఒకడు అడిగినప్పుడు, మీకు పంచువానిగా నన్నెవరు నియమించిరని ప్రభువు తిరిగి అడిగెను (లూకా 12:13, 14). నేను మూడు సంవత్సరములు ఆయనను ఆ పనికే పిలుచుచుంటిని, అదియు నా పక్షముగా.

ఆ ఉదయము పొయ్యిదగ్గరనే తమ్మునితో నేనన్న మాటలకు క్షమాపణ అడిగితిని. తరువాత లోపలికి పోయి మరదలిని అడిగితిని. అది మరింత కష్టము. ఆమె వెంటనే ఏమియు అనలేదు. గిన్నెలు తోముచునే యుండెను. మూడవ దినమున, సామాను సర్దునప్పుడు, "బావగారూ, మీ దుప్పటి ఇటు ఇయ్యండి, మడత పెడతాను" అనెను. అంతకంటె నేనడుగతగినది లేదు.

పోవునప్పుడు లెక్క చూచితిమి. లోటాలు ఏడే ఉండెను. నా చిన్నకుమారుడు ఒకటి లోయలోనికి దొరలించెనట. దాని వెల కట్టితిమి. మిగిలిన బియ్యము, పప్పు పెద్దమ్మకిచ్చితిమి. అది ఆమె కష్టమునకు జవాబు కాదని నాకు తెలియును. ఆమెకు రావలసిన సొమ్ముల కాగితములు సరిచూచి వ్రాసిపెట్టెదనని మా మేనకోడలు మాట ఇచ్చెను. ఆమె కొరకు, ఆమెవలె గది విడువవలసిన వారందరికొరకు మీ కుటుంబ ప్రార్థనలలో జ్ఞాపకము చేయుడి.

ఊరికి చేరి తలుపు తెరచితిమి. నా తాళము తుప్పుపట్టి రాలేదు. తమ్ముడు రాతితో పగులగొట్టెను. చెదలు దులిపి, పైకప్పు మరమ్మతు చేయించితిమి. నడుమ గోడ పెట్టలేదు. విధవరాలైన మా మేనత్త ఇప్పుడు ఆ యింట కాపురమున్నది.