గంట లేని ఎద్దు

వరసగా మూడేళ్ళు వాన ముఖం చాటేసిన ఊళ్ళో ఒక ఎద్దు ఉండేది. నక్క వచ్చి, "కొండల అవతల షావుకారు గానుగ పెట్టాడు. ఏడాది పొడుగునా పచ్చగడ్డే. దారి నేను చూపిస్తా" అంది. ఊరికే చూపిస్తుందా? ముసలి ఆవుకీ కోడెదూడకీ దాచిన గడ్డివాము ముందే ఊడ్చుకుంది. చాలనిదానికి అప్పు రాయించుకుంది.

ఆ ఊరి ఎద్దుల మెడలో ఊరి ముద్ర వేసిన గంట ఉంటుంది. అది ఉంటే ఏ పొలిమేరైనా దాటొచ్చు, లేకపోతే బందెలదొడ్డే. గానుగ దగ్గరికి చేరగానే షావుకారు గంట విప్పుకుని, "నువ్వైతే పోగొట్టుకుంటావు, నేను దాస్తాలే" అన్నాడు.

మొదట్లో ఇంటికి గడ్డిమోపులు వెళ్ళాయి. ఊరి పెద్ద వాటిని లెక్కపెట్టి పొరుగూళ్ళలో గొప్పలు పోయేవాడు. తరవాత నూనె ధర పడింది, మోపులు ఆగాయి. "వచ్చే నెల" అన్నాడు షావుకారు. ఆర్నెల్లపాటు అదే మాట. ఒకరోజు తెల్లవారి చూస్తే గానుగకి తాళం, తొట్టిలో నీళ్ళు లేవు. ఎద్దు పలుపు తెంపుకుని రోడ్డెక్కింది. కావలివాళ్ళు పట్టుకున్నారు. "ఎద్దు పారిపోయింది" అని షావుకారు అప్పటికే రాయించి ఉన్నాడు మరి. దొడ్డిలో దానికి మేత వేసింది చుట్టుపక్కల గానుగల ఎద్దులే, తమ నోటికాడది తీసి.

కబురు ఊరికి చేరింది. "దారే కదా చూపించాను" అంది నక్క. "నన్నడిగి వెళ్ళిందా?" అన్నాడు పెద్ద.

కోడెదూడ అడిగింది: "తాతా, ఆ గంట ఎవరిది?"

"ఊరిదే."

"ఊరి గంట దాచినవాణ్ణి వదిలేసి మా అన్నని అడుగుతావేం?"

పెద్ద వెళ్ళి, బందె కట్టి ఎద్దుని తోలుకొచ్చాడు. ఊళ్ళో మేళతాళాలు. గంటా, ఆర్నెల్ల గడ్డీ అక్కడే ఉండిపోయాయి. నక్క అప్పు ఇక్కడే ఉంది.

నీతి: మనిషిని ఇల్లు చేర్చినంత మాత్రాన అతని కష్టార్జితం చేరినట్టు కాదు.

2016లో జెద్దాలో జరిగింది దాదాపు ఇదే. చమురు ధర పడిపోయి, ప్రభుత్వ చెల్లింపులు ఆగి సౌదీ ఓజర్ నిర్మాణ కంపెనీ దివాలా బాట పట్టినప్పుడు, వేలమంది భారతీయులు నెలల తరబడి జీతాల్లేక క్యాంపుల్లో చిక్కుకున్నారు. కాన్సులేటూ అక్కడి మనవాళ్ళూ తిండి అందించారు. బకాయిలు అందకుండానే చాలామంది విమానమెక్కారు. కఫీల్, అంటే పూచీ ఉన్న యజమాని, ఒప్పుకోనిదే దేశం దాటలేని రోజులవి. అతను "హురూబ్", అంటే పారిపోయాడు, అని రాయిస్తే జీతం అడిగినవాడే నేరస్థుడు.

కార్మికుడి పాస్‌పోర్టు యజమాని దాచుకోకూడదని సౌదీ నిబంధనలే చెబుతాయి. మన 1967 పాస్‌పోర్టుల చట్టం ప్రకారం అది ఎప్పటికీ కేంద్ర ప్రభుత్వ ఆస్తి. జగిత్యాల నుంచి వెళ్ళినవాడి పాస్‌పోర్టు ఎవడి బీరువాలోనో ఉందంటే, వాడు దాచింది మన ప్రభుత్వ సొత్తు. అది ఇప్పించమని కూలివాడు కాళ్ళావేళ్ళా పడాలా? ప్రభుత్వమే వెళ్ళి అడగాలి, జీతం లెక్కతో సహా.

షావుకారు పరాయి దేశంలో ఉన్నాడు, నిజమే. నక్క మన మండలంలోనే తిరుగుతోంది. లైసెన్సున్న ఏజెంటైనా 30,000 రూపాయలు, దానిమీద పన్ను మించి సేవా రుసుం తీసుకోకూడదు. లైసెన్సే లేకుండా లక్షలు గుంజినవాడి మీద కేసు పెట్టడానికి రాయబార కార్యాలయం దాకా వెళ్ళక్కర్లేదు, ఊరి పోలీస్ స్టేషన్ సరిపోతుంది.