ఆరవ సూన: పెంపుడు ప్రాణులు, విషపు మొక్కలు, గృహస్థధర్మం

గృహస్థుడు ఎంత ధర్మబద్ధంగా జీవించినా అతని ఇంట హింస జరగక తప్పదని భారతీయ ధర్మశాస్త్రం తొలినుంచీ అంగీకరించింది. మనుస్మృతి మూడవ అధ్యాయం పొయ్యి, తిరగలి, చీపురు, రోలు, నీళ్లకుండ అనే ఐదింటిని పంచసూనలని పేర్కొన్నది. సూన అంటే వధ జరిగే చోటు. వండేటప్పుడు, విసిరేటప్పుడు, ఊడ్చేటప్పుడు కంటికి ఆనని ప్రాణులు నశిస్తాయి గనుక, ఆ దోషం పోవడానికి గృహస్థుడు నిత్యం ఐదు మహాయజ్ఞాలు చేయాలని, వాటిలో ఒకటైన భూతయజ్ఞంలో కుక్కలకు, కాకులకు, పురుగులకు సైతం అన్నం పెట్టాలని ఆ గ్రంథం విధించింది. నేటి ఇళ్లలో తిరగలి, రోలు మూలపడ్డాయి గాని, పిల్లి, కుక్క తిరుగాడే గదిలోకి అలంకారం కోసం పూలకుండీ వచ్చి చేరింది. ఆ కుండీలోని మొక్క విషపుదైతే దానిని ఆరవ సూనగా లెక్కించవలసి ఉంటుందా, ఆ దోషం ఎవరిది అన్నది విచారించదగిన ప్రశ్న.

ప్రమాదం ఊహాజనితమైనది కాదు. పూలగుత్తుల్లో అమ్మే లిలియం జాతి పూల రేకు, ఆకు, పుప్పొడి, చివరకు ఆ పూలుంచిన కూజాలోని నీరు కూడా పిల్లి మూత్రపిండాలను చెడగొట్టగలవు. వీపుమీద రాలిన పుప్పొడిని పిల్లి తన అలవాటు కొద్దీ నాకి శుభ్రం చేసుకొన్నా చాలు, మూడు రోజులలోపే మూత్రపిండాలు పనిచేయడం మానవచ్చు. తెలుగునాట లిల్లీ పేరుతోనే అమ్మే రజనీగంధ వేరే జాతిది. దాదాపు ప్రతి ఇంటా కనిపించే మనీప్లాంటులోను, డీఫెన్‌బాకియాలోను సూదులవంటి కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు ఉంటాయి; ఆకు కొరికిన కుక్క చొంగ కారుస్తూ, ముందుకాలితో మూతిని గీరుకొంటూ బాధపడుతుంది. సైకస్ గింజలు కాలేయాన్ని, గన్నేరు గుండెను దెబ్బతీస్తాయి. వినాయకచవితి నాటి ఇరవైయొక్క పత్రిలో గన్నేరు, జిల్లేడు, ఉమ్మెత్త కూడా ఉన్నాయి గనుక, పూజ ముగిశాక పీటమీద మిగిలే ఆకులు సైతం ఇంటి ప్రాణులకు అందరానివే.

చంపాలన్న తలంపు ఎవరికీ లేని ఈ సందర్భంలో దోష నిర్ణయం ఎట్లా చేయాలి? బౌద్ధం సంకల్పాన్నే కర్మగా పరిగణించింది. మజ్ఝిమనికాయంలోని ఉపాలి సుత్తంలో బుద్ధుడు శరీరంతో చేసే పనికన్న మనసుతో చేసే పనికే ఎక్కువ బరువు ఉన్నదని వాదించాడు. ఈ కొలతతో చూస్తే, మొక్క గుణం తెలియక తెచ్చినవాడు హంతకుడు కాడు. జైనం మరొక కోణాన్ని చూపింది. తత్త్వార్థసూత్రంలో ఉమాస్వాతి, ప్రమాదం వల్ల ప్రాణాలను హరించడమే హింస అని నిర్వచించాడు; ఇక్కడ ప్రమాదమంటే ఏమరుపాటు, రాగాదులకు లోబడి జాగరూకతను కోల్పోవడం. సంప్రదాయం అనంతపురం జిల్లా కొనకొండ్లతో ముడిపెట్టే కుందకుందాచార్యుడు ప్రవచనసారంలో ఈ ఆలోచనను చివరివరకూ తీసుకువెళ్లాడు: ఎదుటి ప్రాణి చచ్చినా బతికినా ఏమరి నడిచేవానికి హింసాదోషం తప్పదు, జాగరూకుడై నడిచేవానికి కేవలం ప్రాణహాని జరిగినంత మాత్రాన బంధం కలగదు. దీనినిబట్టి, ఏళ్ల తరబడి మొక్క ఉన్నా పిల్లికి ఏమీ కాలేదన్న సమాధానం చెల్లదు. ఫలితం అదృష్టానిది, అజాగ్రత్త మాత్రం యజమానిది. నిజానికి రెండు దర్శనాలూ ఈ విషయంలో ఒకచోట కలుస్తాయి. ఎందుకంటే మొక్క విషపుదని తెలిసిన క్షణం నుంచి దానిని అక్కడే ఉంచడం కూడా ఒక సంకల్పమే.

తనకు ఏది పడుతుందో జంతువుకే తెలుసు గదా అన్న ఆక్షేపణ తరచుగా వినబడుతుంది. ఏ దేశం నుంచో వచ్చిన మొక్క విషయంలో, నాలుగు గోడల మధ్య పెరిగిన పిల్లికి ఆ తెలివి ఎక్కడినుంచి రావాలి? పచ్చగడ్డి కొరకడం పిల్లి స్వభావం; గడ్డిపరక లేని ఇంట్లో దానికి కనిపించే పచ్చదనం కుండీ ఒక్కటే. అహింసావ్రతం పట్టిన గృహస్థుడు మానవలసిన ఐదు అతిచారాలు, అంటే వ్రతభంగానికి దారితీసే తప్పులు, కట్టివేయడం, కొట్టడం, అవయవాలు కోయడం, మోయలేని బరువు వేయడం, అన్నపానాలు ఆపడం అని తత్త్వార్థసూత్రం చెప్పింది. ఇవన్నీ ముఖ్యంగా మనిషి చేతిలో ఉన్న ప్రాణికి జరిగే అపచారాలు కావడం గమనార్హం. ప్రాణి స్వేచ్ఛ తగ్గినకొద్దీ దానిని ఉంచుకొన్నవాని బాధ్యత పెరుగుతుంది.

మొక్క పక్షం కూడా ఆలోచించాలి. జైనులు దానిని స్పర్శ ఒక్కటే గల ఏకేంద్రియ జీవమన్నారు. వృక్షాలకు లోలోపల ఎరుక ఉన్నదని, సుఖదుఃఖాలు ఉన్నాయని మనుస్మృతి అన్నది. పారిపోలేని జీవికి విషమే ఆత్మరక్షణ గనుక, కోపంతో దానిని పీకి పారవేయడం న్యాయం కాదు. జంతువులు లేని ఇంటికి ఇవ్వడం, లేదా తలుపు మూసి ఉండే గదిలో ఉంచడం తగిన పని. ఎత్తున వేలాడదీయడం పిల్లి విషయంలో చాలదు, రాలిన ఆకు కుక్కకూ అందుతుంది. స్పైడర్ ప్లాంట్, అరెకా పామ్, బోస్టన్ ఫెర్న్ వంటి విషం లేని మొక్కలను ఎంచుకొని, పిల్లికోసం వేరే కుండీలో గోధుమ మొలకలు పెంచితే రెండు జీవాలకూ చోటు దొరుకుతుంది. ప్రాణి విషపు ఆకు కొరికితే ఇంట్లో వాంతి చేయించబోకుండా, ఆ ఆకును వెంట తీసుకొని పశువైద్యుని వద్దకు వెళ్లాలి. లిలియం అయితే లక్షణాలు కనిపించేదాకా ఆగనే కూడదు.

పంచసూనలు తప్పించుకోలేనివి గనుక శాస్త్రం వాటికి పరిహారం చెప్పింది. ఆరవది తప్పించుకోగలిగినది, మొక్కను ఇంటికి తెచ్చేముందు దాని గుణం తెలుసుకోవడమే గృహస్థుని ధర్మం, జరిగిపోయిన తరువాత చేసే ఏ పరిహారమూ దానికి సాటి రాదు.