ఆకలిని ఊరు అడగవచ్చా?

చిత్తూరు కలెక్టరాఫీసు బయట అర్జీలు రాసి బతుకుతున్నాను. సోమవారం వచ్చిందంటే పొద్దున్నుంచే నా బల్ల చుట్టూ జనం. పింఛను ఆగినవాళ్లు, బియ్యం కార్డులో పేరు పోయినవాళ్లు గట్టిగానే మాట్లాడతారు. గొంతు తగ్గించేది వేరే రాష్ట్రం నుంచి వచ్చినవాళ్లే. ఒడిశా నుంచి వచ్చి ఇటుకబట్టీలో చేసే కుటుంబం, తిరుపతి హోటల్లో గిన్నెలు కడిగే బిహారు పిల్లోడు, తమిళనాడు నుంచి కోడలిగా వచ్చిన అమ్మాయి. బియ్యం ఎట్లా వస్తాయని వాళ్లు ముందు అడగరు. ‘ఇక్కడ అడిగితే మాకేమైనా అవుతుందా సార్?’ అంటారు. ఇక్కడ వేలిముద్ర వేస్తే సొంతూళ్లో కార్డు పోతుందేమోనని ఒకరికి, బెంగాలీ మాట్లాడితే బంగ్లాదేశ్ వాడంటారేమోనని ఇంకొకరికి భయం.

ఆకలితో వచ్చినవాణ్ణి ముందుగా నీదే ఊరని అడగడం ధర్మమేనా? పోతన భాగవతం చదువుకున్న ఇంట్లో పుట్టిన నాకు రంతిదేవుడు గుర్తొస్తాడు. నలభై ఎనిమిది రోజులు పస్తులున్న రాజు, దొరికిన అన్నాన్ని వచ్చినవాడికల్లా పంచాడు. కుక్కలను వెంటబెట్టుకొచ్చినవాడికీ పెట్టాడు. మిగిలిన గుక్కెడు నీళ్లు ఊరు వెలివేసినవాడికి పోశాడు. ఎవరినీ ఎవరని నిలదీయలేదు. మా సీమలోని తరిగొండలో పుట్టిన వెంగమాంబ తిరుమలలో అన్నదానం చేసింది. 1985లో దేవస్థానం నిత్యాన్నదానం మొదలుపెట్టింది. ఈనాడు వెంగమాంబ పేరున్న అన్నప్రసాద భవనంలో రోజూ వేలమంది తింటున్నారు. దర్శనం టికెట్టుకు ఆధార్ కావాలి గానీ, అక్కడ విస్తరి ముందు కూర్చోవడానికి అక్కర్లేదు.

దీనికి నా బల్ల దగ్గరే ఒక పెద్దాయన అడ్డు చెప్పాడు. ‘రంతిదేవుడు తనది తాను పెట్టినాడు. సర్కారు పెట్టేది అందరి సొమ్ము. మనోళ్లకే చాలకుంటే బయటోళ్లకేంది సామీ?’ ఆ మాటలో న్యాయముంది. అందరి సొమ్ముకు లెక్క ఉండాలి, లెక్కకు కొన్ని ప్రశ్నలు తప్పవు. కానీ ఆ ‘అందరి’లో ఇటుకబట్టీ కూలీ కూడా ఉన్నాడు. అతను కొనే సబ్బు మీద, చెప్పుల మీద పన్ను కడుతున్నాడు. మన గోడలకు ఇటుక కాల్చింది అతనే. అందుకే అతను తీసుకునే బియ్యం దానం కాదు, అతని వాటా. దానంలో ఇచ్చినవాడికి పుణ్యం, పుచ్చుకున్నవాడికి తల వంపు ఉండొచ్చు. వాటా తీసుకునేవాడు తల వంచాల్సిన పని లేదు.

అసలు బయటివాడంటే ఎవరు? 1960 ఏప్రిల్ 1న, సరిహద్దుల మీద పటాస్కర్ ఇచ్చిన తీర్పును అనుసరించి, తిరుత్తణి చిత్తూరు జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రానికి పోయింది. అక్కడివాళ్లకు ఆ రోజు మారింది రాష్ట్రం పేరే. పొలం, బావి, వియ్యంకులు ఉన్నచోటే ఉన్నారు. కుప్పం, పలమనేరు నుంచి బెంగళూరు పనులకు పోయే మనవాళ్లు అక్కడ బయటివాళ్లే.

దేశంలో ఎవరూ బయటివాడు కాదన్న సంగతి చట్టం గుర్తించింది. దేశంలో ఎక్కడైనా తిరిగే, ఉండే హక్కు రాజ్యాంగమే ఇచ్చింది. 2013 ఆహార భద్రతా చట్టం అర్హులైన కుటుంబాల్లో మనిషికి నెలకు 5 కిలోల ధాన్యాన్ని హక్కు చేసింది. ఒకే దేశం, ఒకే రేషన్ కార్డు ఏర్పాటును జూలై 31లోగా అమలు చేయాలని 2021 జూన్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది. ఆ చట్టం కింద ఇచ్చిన ఒడిశా కార్డుతో చిత్తూరు డీలరు దగ్గర వేలిముద్ర వేసి బియ్యం తీసుకోవచ్చు. మిగతా వాటా సొంతూళ్లోని ఇంటివాళ్లు తెచ్చుకోవచ్చు. కార్డు ఎక్కడికీ పోదు. ఈ నాలుగు మాటలు తెలియక పస్తులున్నవాళ్లను చూశాను. ఆ కోడలి బాధ వేరు. పుట్టింటి కార్డులో పేరు తీయించుకుంది, అత్తింటి కార్డులో ఇంకా ఎక్కలేదు. కాగితం కదిలేదాకా రెండు రాష్ట్రాల్లోనూ ఆమెకు ఆకలి లేనట్టే లెక్క.

సముద్రం దాటినా ఇదే భయం. ప్రభుత్వ సాయం ఎక్కువకాలం వాడుకుంటే గ్రీన్ కార్డు నిరాకరించవచ్చనే నిబంధన అమెరికాలో 2020 ఫిబ్రవరిలో అమల్లోకి వచ్చింది, 2021 మార్చిలో పోయింది. ఆలోగా అది వర్తించని వలస కుటుంబాలు కూడా అక్కడే పుట్టిన తమ పిల్లలకు రావలసిన సాయాన్ని వదులుకున్నాయి. మన పిల్లలు అక్కడ అలా భయపడకూడదని కోరుకునే మనం, ఇక్కడికొచ్చినవాడి భయం పోగొట్టకుండా ఆ కోరిక కోరలేం.

ధర్మం ఆఫీసు బల్ల దాకా రావాలంటే అద్భుతాలు అక్కర్లేదు. బియ్యం లెక్కకు కావలసిందే అడగాలి. భాష, యాస, కులం అడగకూడదు. అర్జీ తీసుకుంటే రసీదు ఇవ్వాలి. కాదంటే కారణం కాగితం మీద రాసివ్వాలి, పైన ఎవరికి చెప్పుకోవాలో కూడా చెప్పాలి. చట్టం ప్రకారం జిల్లాలో ఫిర్యాదుల అధికారి, రాష్ట్రంలో ఆహార కమిషన్ ఉండేది అందుకే. అడిగినవాడికి ఒకోసారి బియ్యం రాకపోవచ్చు. అడిగినందుకు మాత్రం ఎవరికీ కీడు జరగకూడదు. ఈ పూచీ ఇవ్వలేని రాజ్యం ఎన్ని పుట్ల బియ్యం పంచినా రంతిదేవుడి పేరు చెప్పుకోడానికి తగదు.