జీర్ణోద్ధరణ: మండువా లోగిలిలో ఒక సంవాదం

బృహదారణ్యకోపనిషత్తులో యాజ్ఞవల్క్యుడికీ మైత్రేయికీ మధ్య నడిచిన సంభాషణ, భర్త ఇల్లు విడిచి వెళ్లబోయే ఘడియలో జరిగింది. ఉన్న ఆస్తిని ఇద్దరు భార్యలకూ పంచి తాను వెళ్లిపోతానన్న భర్తను, ఆ ధనంతో అమృతత్వం దక్కుతుందా అని మైత్రేయి నిలదీసింది. మన తత్త్వ సాహిత్యంలో దంపతుల సంవాదానికి అది ప్రసిద్ధమైన నమూనా. ఇల్లు విడిచిపోయేవారి ప్రశ్నలు అలా గ్రంథాలకెక్కాయి గాని, ఇంట్లోనే ఉండి, కురుస్తున్న కప్పునూ చెమ్మ పట్టిన గోడనూ ఏళ్ల తరబడి బాగుచేయించుకునేవారి ప్రశ్నలకు అంతటి గౌరవం దక్కలేదు. అవీ తేలికైనవి కావు. రాజమహేంద్రవరం పాత వీధుల్లో ఇంకా మిగిలివున్న పెంకుటిళ్లలో ఒకదాన్ని దఫదఫాలుగా బాగుచేయించుకుంటున్న దంపతులను ఊహించి, వారి నోట ఆ ప్రశ్నలను పలికించడం ఈ వ్యాసం పద్ధతి. పాత్రలు కల్పితం కాబట్టి వారికి గృహస్థు, గృహిణి అన్నవే పేర్లు.

మండువా లోగిలి అంటే నాలుగు వైపులా వసారాలూ గదులూ ఉండి, నడుమ ఆకాశానికి తెరిచివున్న చతురస్రం గల ఇల్లు. నాలుగు కప్పులూ లోపలికి వాలి ఉంటాయి గనుక వాననీరు ఆ నడిమి పల్లంలోనే పడి, తూము గుండా వీధిలోకో పెరట్లోకో పోతుంది. కప్పు బరువును గోడలతోపాటు చుట్టూ ఉన్న స్తంభాలు, వాటి మీది దూలాలు, వాసాలు మోస్తాయి. ఎగువ అడవుల్లో కొట్టిన కలపను తెప్పలుగా కట్టి గోదావరిలో దిగువకు వదిలే అలవాటు ఉండడంచేత ఈ ప్రాంతంలో మంచి టేకు చేతికందే సరుకైంది. తీరంలో దొరికే గుల్లలను కాల్చి సున్నం చేసేవారు. ఇటువంటి ఇంట్లో ఏ భాగమూ శాశ్వతమని కట్టినవారు అనుకోలేదు. ఏటా మృగశిర కార్తెకు ముందు పెంకు సర్దించడం, పండగకు సున్నం వేయించడం, కొన్నేళ్లకొకసారి కప్పు విప్పి మళ్లీ నేయించడం ఇంటి ఖర్చుల్లో భాగంగానే ఉండేవి.

మరమ్మతు ఈ దంపతులను మొదట ఒక గదిలోకి నెట్టింది. ఆలయాలను బాగుచేసేటప్పుడు ఆగమశాస్త్రం చెప్పే విధానం ఇక్కడ తలపుకు వస్తుంది. గర్భాలయంలో పని జరిగినన్నాళ్లూ మూలమూర్తిలోని దైవకళను మరొక బింబంలోకి ఆవాహన చేసి, బాలాలయమనే చిన్న తాత్కాలిక మందిరంలో నిత్యపూజలు సాగిస్తారు. పని పూర్తయ్యాక ఆ కళను తిరిగి మూలమూర్తిలోకి తెస్తారు. శిథిలమైనదాన్ని పైకెత్తడం అన్న అర్థంలో ఈ మొత్తాన్ని జీర్ణోద్ధరణ అంటారు. పూజ ఆగకుండా కట్టడం మారవచ్చునన్నది ఆ ఏర్పాటు వెనుక ఉన్న సిద్ధాంతం. వీధి గదిలో గ్యాసుపొయ్యి, మంచం, దేవుడి పటాలు సర్దుకుని కాపురం చేస్తున్న దంపతుల మధ్య సంభాషణ మొదలైనది సరిగ్గా అక్కడే.

గృహస్థు: పని ఎన్నేళ్లు పట్టినా సరే, ఇల్లు ఎలా ఉండేదో అలాగే నిలబెట్టాలి. మార్పు చేసిన ప్రతిచోటా పెద్దల జ్ఞాపకం కొంత పోతుంది.

గృహిణి: ఎప్పుడు ఉన్నట్టుగా నిలబెట్టాలంటారు? తాతగారు కట్టించిన రోజున కప్పు మీద ఉన్నది కుమ్మరి చేసిన గూనపెంకు. మంగళూరు పెంకు తరవాత వచ్చింది. మామయ్యగారి హయాంలో వంటింటికి గచ్చు, కరెంటు వచ్చాయి. వీటిలో ఏ ఏడాది దగ్గర ఆగుదాం?

ఈ ప్రశ్న పంతొమ్మిదో శతాబ్దపు ఐరోపాను రెండుగా చీల్చింది. ఫ్రాన్సులో మధ్యయుగపు చర్చిలను పునరుద్ధరించిన వియొలే లె డ్యూక్, కట్టడాన్ని పరిపూర్ణ రూపానికి తేవడమే పునరుద్ధరణ అనీ, ఆ పరిపూర్ణ రూపం గతంలో ఏనాడూ ఉండకపోయినా ఫరవాలేదనీ భావించాడు. ఇంగ్లండులో జాన్ రస్కిన్ 1849లో ప్రకటించిన గ్రంథంలో అటువంటి పునరుద్ధరణ అబద్ధమని ఖండించాడు. అవసరమైన పోషణ ఎప్పటికప్పుడు చేస్తే పునరుద్ధరణ అవసరమే రాదన్నది అతని వాదం. ఆ దారిలోనే 1877లో విలియం మోరిస్ పాత కట్టడాల రక్షణకు ఒక సంఘం స్థాపించాడు. మంగళూరు పెంకును దించేసి గూనపెంకు వేస్తే వియొలే లె డ్యూక్ మార్గం. ఉన్నదాన్ని కురవకుండా చూసుకుంటే రస్కిన్ మార్గం. బాసెల్ మిషన్ వారు మంగళూరులో 1865లో నెలకొల్పిన కర్మాగారంతో వ్యాపించిన ఆ పెంకు కూడా ఇప్పుడు పాతదేనన్న సంగతి మరవకూడదు. పాతదనం ఏ ఒక్క తరం సొత్తూ కాదు. అయితే రస్కిన్ చర్చిల గురించి, పురాతన సౌధాల గురించి ఆలోచించినంతగా పెరటి గదుల గురించి ఆలోచించలేదు. గృహిణి వాదం అటు తిరిగింది.

గృహిణి: పెరటి పంచ చివర కిటికీ లేని గది ఉంది. నెలకు మూడు రోజులు ఆడవాళ్లు కూర్చున్నది అక్కడే. పెళ్లయిన కొత్తలో భర్త పోయిన మేనత్తగారు తక్కిన జన్మంతా గడిపింది కూడా అక్కడే. దాన్నీ ఉన్నది ఉన్నట్టు నిలబెడదామా?

గృహస్థు: ఆ గదికి కిటికీ పెట్టిద్దాం, కాదనను. కాని కిటికీ పెట్టాక అక్కడ అలాంటి గది ఉండేదన్న సంగతే ఎవరికీ తెలియకుండా పోతే, అత్తయ్య పడ్డ బాధ కూడా తుడిచిపెట్టుకుపోయినట్టే కదా?

ఈ ఎదురుప్రశ్న బలమైనది. దానికి సమాధానం వెతకడానికి రాజమహేంద్రవరంలోనే ఒక ఇల్లుంది. కందుకూరి వీరేశలింగం 1848లో పుట్టింది ఈ ఊళ్లోనే. ఆయన నివసించిన ఇల్లు స్మారకంగా నిలిచి ఉంది. 1881 డిసెంబరు 11న ఆయన జరిపించిన మొదటి వితంతు వివాహం ఊరిని కుదిపేసింది. వంటవాళ్లు రాక, నీళ్లు మోసేవాళ్లు మానేసి, బంధువులు వెలివేసినప్పుడు ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మ గోదావరి నుంచి నీళ్లు తానే మోసి, వచ్చినవారందరికీ తానే వండిపెట్టింది. ఆ ఉద్యమపు చరిత్రలో ఉపన్యాసాలకు దక్కినంత చోటు ఆ బిందెలకు దక్కలేదు, దక్కవలసి ఉంది. 1906లో వీరేశలింగం హితకారిణీ సమాజాన్ని స్థాపించి, తన ఆస్తిని దానికి ధారపోశారు.

ఆ ఇంటిని కాపాడుతున్నామంటే కాపాడుతున్నది దేన్ని? తరతరాల ఆచారం ప్రకారం నడిచిన ఇల్లూ అదే, ఆ ఆచారాన్ని కాదన్న ఇల్లూ అదే. గోడలు, గుమ్మాలు మారకపోయినా అందులో నడిచిన బతుకు మారింది; ఆ మార్పు కోసమే ఆ గోడలు కాపాడదగ్గవయ్యాయి. కనుక పాత ఇంటి పట్ల విశ్వాసమంటే అందులో జరిగిన ప్రతిదానికీ విధేయులై ఉండడం కాదన్న గృహిణి పక్షమే సరైనది. గృహస్థు భయానికీ చోటివ్వాలి. కొత్త కిటికీని పాతదానిలా నటింపజేయకుండా, గోడలో దాని అంచు తెలిసేలా కట్టిస్తే, అది ఒకనాడు లేదన్న సంగతిని గోడే చెబుతుంది. కట్టడాల సంరక్షణకు ప్రమాణంగా 1964లో వెనిస్‌లో రూపొందిన ఒడంబడిక కూడా, మార్చిన భాగం మిగతావాటితో పొసగాలి గాని పాతదనిపించే మోసం కాకూడదనే అంటుంది.

గోడల దగ్గర ఇద్దరి పక్షాలూ తారుమారయ్యాయి. మేస్త్రీ సిమెంటు పూత వేస్తానన్నాడు, గృహిణి ఒప్పుకుంది.

గృహిణి: సున్నం పనికి ఎన్ని నెలలు పడుతుందో చూశారు కదా. ఒక్క గదిలో ఎన్నాళ్లుంటామండీ? సిమెంటైతే వారంలో గట్టిపడుతుంది. పైగా గానుగ సున్నం తెలిసిన మేస్త్రీ ఈ చుట్టుపక్కల కనిపించడం లేదు.

గృహస్థు: వారంలో గట్టిపడే గుణమే దాని దోషం. ఈ గోడ ఊపిరి తీసుకునే గోడ.

ఊపిరి అన్న మాటను ఇక్కడ అలంకారంగా తీసుకోనక్కర్లేదు, దాని వెనుక రసాయనం ఉంది. సున్నపురాయినో గుల్లలనో కాల్చి, నీళ్లు పోసి విరిచిన సున్నం, ఇసుకతో కలిపి గానుగలో నూరాక, గాలిలోని బొగ్గుపులుసు వాయువును మెల్లగా పీల్చుకుని తిరిగి రాయి అవుతుంది. కరక్కాయ కషాయం, బెల్లపు నీళ్లు చేర్చడం పనివాళ్ల అనుభవం నేర్పిన మెళకువ. ఆ పూతలోని సన్నని రంధ్రాల గుండా నేల నుంచి ఎక్కిన చెమ్మ బయటికి ఆరిపోతుంది. నది పక్క ఊళ్లో, నీటిమట్టం పైనే ఉండేచోట, పునాదిలో తేమను అడ్డుకునే పొర లేని పాత గోడకు ఆ ఆరిపోవడమే ప్రాణం. దాని మీద సిమెంటు పూస్తే నీరు బయటికి దారిలేక ఇటుకలోనే నిలిచి, తనతో తెచ్చిన ఉప్పును అక్కడే వదులుతుంది. ఆ ఉప్పు గడ్డకట్టి ఇటుకను పొరలు పొరలుగా రాలుస్తుంది. పైన పూత నున్నగా కనిపిస్తుండగానే లోపల గోడ పిండి అవుతుంది. చెడినప్పుడు సున్నపు పూతను గీకి ఇటుకను దక్కించుకోవచ్చు. సిమెంటును ఊడదీస్తే ఇటుక ముఖం దాంతోపాటే ఊడి వస్తుంది.

ఈ వ్యాసం నిలబడే చోటు ఇదే. పాత ఇంటి విషయంలో ఎంత పాతది మిగిలింది అన్న ప్రశ్న కంటే, ఈ మరమ్మతు తరవాతి మరమ్మతుకు దారి ఉంచిందా, మూసిందా అన్న ప్రశ్న మూలమైనది. మిలిందపన్హ అనే బౌద్ధ గ్రంథంలో నాగసేనుడనే భిక్షువు మిలింద రాజును రథం గురించి అడుగుతాడు: ఇరుసా, చక్రమా, నొగా, ఏది రథం? ఏదీ కాదు, అవన్నీ కలిసినప్పటి వ్యవహారమే రథమని తేలుతుంది. పలకలన్నీ మారిపోయిన థీసియస్ ఓడ గురించి గ్రీకులు వాదులాడుకున్నదీ ఇదే చిక్కు. ఇల్లు భాగాల మొత్తం కాదన్నంత వరకు నాగసేనుడి తర్కం ఒప్పుకోవలసిందే. కాని రథానికి లేని గుణం ఇంటికి ఒకటుంది. దాన్ని బాగుచేస్తున్నంతసేపూ మనుషులు అందులోనే కాపురముంటారు.

గోదావరి డెల్టాయే ఇందుకు పెద్ద సాక్ష్యం. ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో 1847లో మొదలై 1852కు పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్టకు లెక్కలేనన్ని మరమ్మతులు జరిగి, చివరికి ఇరవయ్యో శతాబ్దంలో దాని స్థానంలో తలుపుల బ్యారేజీ వచ్చింది. అయినా కాలువల కింద సాగు నడుస్తూనే ఉంది, రైతుకు అది ఆనకట్టే. దానికి ఎగువన 1900లో రైళ్లకు తెరిచిన హేవలాక్ వంతెన 1997లో పనినుంచి తప్పుకుంది. ఇనుము అలాగే ఉన్నా ఏ రైలూ దాన్ని దాటదు. ఎక్కువ మిగిలినది వంతెనే, బతికినది మాత్రం ఆనకట్ట.

స్తంభాల పని వచ్చేసరికి సంవాదం నీతి ప్రశ్నగా మారింది. ఒక స్తంభం అడుగుభాగం చెమ్మకు కుళ్లిపోయింది. దాన్ని పూర్తిగా తీసేయకుండా, కుళ్లినంత మేర కోసి, పాత కర్రనూ కొత్త ముక్కనూ ఏటవాలుగా చెక్కి, ఒకదానిమీదొకటి కూర్చి, చెక్క మేకులతో బిగించాడు వడ్రంగి. ఆ ముక్కను తెచ్చింది పాత కలప అమ్మే అడితి నుంచి.

గృహస్థు: ఈ కర్ర ఇంకెవరిదో మండువాలోది. ఆ ఇల్లు డెవలప్‌మెంటుకు ఇచ్చేశారు, పగలగొట్టారు. నలుగురూ ఇళ్లు పడగొడుతుంటేనే ఈ ఇల్లు నిలబడుతోంది. ఇందులో న్యాయం ఏముంది?

గృహిణి: పడగొట్టినవాళ్లను తప్పుపట్టే అర్హత ఎవరికుంది? నలుగురు అన్నదమ్ముల ఉమ్మడి ఆస్తికి మండువా ఒక్కటే ఉంటే, దాన్ని పంచుకోవడానికి అపార్టుమెంటు తప్ప వేరే దారేది?

ఉమ్మడి కుటుంబం కోసం కట్టిన ఇల్లు విడి కుటుంబాల కాలంలో నిలవలేకపోవడానికి కారణం అభిరుచి లోపం కాదు, పంపకాల లెక్క. దాన్ని గుర్తించకుండా వారసత్వ సంపద గురించి విలపించడం బాధ్యతారహితం. జపానులో ఇసె దేవాలయాన్ని ఇరవయ్యేళ్లకొకసారి పక్కస్థలంలో పూర్తిగా కొత్త కలపతో కడతారు. 2013లోనూ అలా కట్టారు. అక్కడ కాపాడుతున్నది కర్రను కాదు, కట్టే చేతులను. రాజమహేంద్రవరంలో ఆ చేతులకు పని ఇచ్చే ఇళ్లు తగ్గుతున్నకొద్దీ, మిగిలిన ఒక్కో ఇంటి మరమ్మతూ ఒక మేస్త్రీకి, ఒక వడ్రంగికి, పెంకు నేసే మనిషికి పాఠశాల అవుతుంది. న్యాయమని చెప్పుకోదగ్గది ఏదైనా ఉంటే, అది అందులోనే ఉంది.

చివరి వివాదం మండువా మీద వేసే ఇనుప గ్రిల్లు గురించి. కోతులు దిగుతున్నాయని గృహిణి, గ్రిల్లు వేస్తే ఆకాశానికి కటకటాలు పెట్టినట్టుంటుందని గృహస్థు. దూలాలను కొయ్యకుండా, బోల్టులతో బిగించి, కావాలన్నప్పుడు విప్పేసేలా వేయిద్దామన్న గృహిణి మాటకు ఆయన ఒప్పుకున్నాడు గాని, అడగవలసింది ఒకటి మిగిలింది.

గృహస్థు: పిల్లలు ఇక్కడికి రారు. రేపు వాళ్లు కూడా డెవలప్‌మెంటుకు ఇచ్చేస్తే, ఇన్నేళ్ల శ్రమా వృథాయే కదా?

గృహిణి: ఇచ్చేస్తే స్తంభాలు అడితికి వెళ్తాయి. ఇనుప మేకు దిగని కర్ర, సిమెంటు అంటని ఇటుక ఇంకో ఇంటికి పనికొస్తాయి. ఒక్క తూము దగ్గర మాత్రం సిమెంటే పూయించాలండీ, నీళ్లు నిలిచేచోట సున్నం ఆగదు. రేపు మేస్త్రీ వచ్చినప్పుడు ఆ మాట మీరే చెప్పండి.