ఎవ్వరును విత్తని గడ్డి

ఖాజాగూడ గుట్టలపై తొలకరి పడినంతనే బండల సందులలో గడ్డి మొలచును. 1998లో సైబర్ టవర్స్ వెలసిన పిమ్మట ఆ చుట్టుప్రక్కల నేల గజముల లెక్కన అమ్ముడుపోవుచున్నది. గడ్డికి మాత్రము నాడును వెల లేదు, నేడును లేదు. వెల లేనిది నశించినప్పుడు దానిని నష్టమనవచ్చునా? కరువు కాలమున పశుపోషకులకు ప్రభుత్వ మిచ్చు సహాయమును గూర్చి ఆలోచించువారికి ఈ ప్రశ్న తప్పదు.

2022-26 కాలమునకు కేంద్రప్రభుత్వము నిర్ణయించిన విపత్తు సహాయ ప్రమాణములను చూడుడు. వర్షాధారపు పంట 33 శాతముగాని అంతకు మించిగాని నష్టమైనచో హెక్టారునకు 8,500 రూపాయలు. పాడిపశువు చనిపోయినచో 37,500, గొఱ్ఱె చనిపోయినచో 4,000. పశుశిబిరమున మేతకై పెద్ద పశువునకు దినమునకు 80, చిన్నదానికి 45 రూపాయలు. బీడులో ఎండిన గడ్డికి మాత్రము పద్దు లేదు. గొఱ్ఱె బ్రతికియుండి చిక్కిపోవుచుండగా, శిబిరము తెరవనియెడల కాపరికి రావలసినది ఏమియు లేదు. చచ్చిన పిమ్మట రావచ్చును. ఇది విచిత్రమైన కరుణ!

రైతు దున్నెను, విత్తెను, అప్పు తెచ్చెను. కాపరి పోగొట్టుకొన్నదేమి అని కొందఱందురు. ఇది తేలికగా త్రోసివేయదగిన మాట కాదు. ప్రజాధనమును పంచునపుడు ఎవనికి ఎంత పోయెనో చూపవలెను గదా. అమెరికాలో 2014 నుండి ఒక శాశ్వత పథకము కలదు. కరువుచే మేత నశించినచో నెలసరి మేత ఖర్చులో 60 శాతము లెక్కగట్టి యిత్తురు. కాని ఆ బీడు సొంతదో కౌలుదో కావలెను. మన బంచరాయి భూమికి యజమాని ఊరు. ఊరు దరఖాస్తు పెట్టుకొనదు.

పాలమూరు కాపరి మేత తరిగిన నాడు మందను తోలుకొని కృష్ణ ఒడ్డునకో నల్లమల వైపునకో నడచును. రాత్రి ఏ రైతు పొలముననో మంద నిలుపును. ఆ యెరువునకు రైతు ధాన్యమో రొక్కమో యిచ్చును. నడకయే వాని సేద్యము. అది కాయకము కాదనుట బసవేశ్వరుని మాటలు విన్న యింటివారికి తగదు. దొంగలు ఆవులను తోలుకొనిపోగా, దూడలు తల్లులు లేక అలమటించునని వానిని గూడ పంపివేసిన బసవేశ్వరుని కథ మన యిండ్లలో చెప్పుకొనునదే. ఆయన సొత్తు విచారింపలేదు, దూడ ఆకలిని చూచెను. ప్రభుత్వమును అట్లే చేయుమనలేము; దొంగలకు దూడలనిచ్చు తహసీలుదారు ఉద్యోగమున నిలువడు! కాని లెక్కను నేలనుండి నోటివైపు త్రిప్పవచ్చును.

గడ్డిని కొలుచుట కష్టము, మందను లెక్కించుట కష్టము కాదు. 2019 నాటి 20వ పశుగణనలో తెలంగాణమున 1 కోటి 91 లక్షల గొఱ్ఱెలు తేలినవి. దేశమున అదియే ప్రథమ స్థానము. టీకాలు వేయు దినమున పశువైద్య సిబ్బంది ఆ లెక్క చూచుచునే యుందురు. కరువు ప్రకటించిన మండలమున ఆ లెక్కను బట్టియే, శిబిరము తెరచినను తెరవకున్నను, తలకింత అని మేతఖర్చు ఈయవచ్చును.

చిక్కు వేఱొకటి కలదు. 2015లో తెలంగాణమున 231 మండలములు కరువు మండలములుగా ప్రకటింపబడినవి. అట్టి ప్రకటన వెలువడునాటికి మంద ఒక జిల్లాలో లెక్కింపబడి వేఱొక జిల్లాలో ఆకలితో నుండును. ఆ కాపరికి డబ్బు ఏ కచేరి నుండి రావలెనో వాడు ఊరు విడువక మునుపే తేల్చియుంచవలెను.