కలుపు తీసిన బాలుడు

అమెరికా దేశమున 1945వ సంవత్సరమున ‘ది క్యారట్ సీడ్’ అను చిన్న బొమ్మల పుస్తకము వెలువడినది. కథ వ్రాసినది రూత్ క్రాస్. బొమ్మలు వేసినది ఆమె భర్త క్రాకెట్ జాన్సన్. పుస్తకమంతయు కలిపి మాటలు నూరు, నూటొకటి యుండును.

ఒక బాలుడు క్యారట్ విత్తనము నాటెను. అది మొలవదేమోయని తల్లి యనెను. తండ్రియు నట్లే యనెను. మొలవనే మొలవదని అన్న తేల్చివైచెను. బాలుడు వారితో వాదమునకు దిగలేదు. ప్రతిదినము కలుపు తీసెను, నీరు చల్లెను. ఎంతకును మొలక కనబడదు. ఇంటిల్లిపాదిదియు నదే మాట. బాలుడు తన పని మానలేదు.

ఆ తల్లిదండ్రులు దుష్టులు కారు. బిడ్డడు ఆశాభంగము నొందునేమోయను ప్రేమయే వారిచేత నట్లనిపించి యుండును. సాధకునకు గలుగు విఘ్నములలో పెక్కు లిట్టివే. శత్రువు మాటను త్రోసిపుచ్చవచ్చును; కన్నతల్లి సందేహము హృదయమున నాటుకొనును.

నచికేతునియందు శ్రద్ధ ప్రవేశించినదని కఠోపనిషత్తు చెప్పుచున్నది. ఆ శ్రద్ధయే అతనిని యముని యింటికి నడిపించి, మూడు రాత్రులు నిరాహారునిగా నిలిపినది. ఈ బాలుని శ్రద్ధ అతనిని వంచి కలుపు తీయించినది.

కలుపు సంగతి కొంత యోచింపదగినది. క్యారట్ గింజ మొలకెత్తుటకు రెండు మూడు వారములు పట్టుట గలదు. కలుపున కంత యోపిక లేదు. పైగా దానిని ఎవరును విత్తరు. జపమునకు గూర్చున్నవారి యనుభవము నిదియే. నామరుచి యింకను కలుగకమున్నే పగటి కోపములు, తీర్చవలసిన అప్పులు, ఇరుగుపొరుగు మాటలు మనస్సున తలలెత్తును. ఇన్నియేండ్లు జపించియు మనస్సిట్లే యున్నదేయని పలువురు వగతురు. పైరు కనబడని యా దినములలో చేయదగిన సేద్యము కలుపుతీతయే. లేతమొక్కకు కంచె వలయుననియు, అది చెట్టైన పిదప దానికి ఏనుగునైనను కట్టవచ్చుననియు శ్రీరామకృష్ణులు చెప్పెడివారు. ఇచట మొక్కయైనను లేదు, ఉత్త మన్ను! దానికే బాలుడు కాపు గాసెను.

విత్తనము చచ్చుదైనచో నేమగును? ఈ ప్రశ్న న్యాయమైనదే. నాటిన గింజలన్నియు మొలవవు. తోటమాలి కా నష్టము తప్పదు. అయితే ఈ మార్గమున ఆరంభించిన ప్రయత్నము నశింపదని గీత రెండవ యధ్యాయమున భగవానుడు అర్జునునకు మాట యిచ్చియున్నాడు. తోటమాలికి దొరకని యభయము సాధకునకు దొరకినది.

ఒకనాడు క్యారట్ మొలచెను. అన్న యేమనెనో, తల్లి యెంత మురిసెనో గ్రంథకర్త్రి వ్రాయలేదు. కడపటి బొమ్మలో బాలుడు పెద్ద క్యారట్‌ను తోపుడుబండిలో నుంచుకొని త్రోసికొని పోవుచుండును.