విశేష మెచ్చట నున్నది?

మనవారు నేటికిని చాందా యని పిలుచుకొను చంద్రపురమున, బొగ్గుబావుల కార్మికులు కాపురముండు పేటలో, వేసవి ప్రొద్దున కిటికీసందున దిగిన యెండపట్టీలో నల్లని రేణువులు తేలియాడుచుండును. ఆ పట్టీ దాటినంతనే యవి యున్నవో లేవో తెలియదు. ఇట్టి రేణువునే పట్టుకొని ఆంధ్రుడైన అన్నంభట్టు తర్కసంగ్రహదీపికలో పరమాణువును సాధించెను: కంటికి గోచరించు ద్రవ్యమెల్ల సావయవము గావున ఈ త్రసరేణువునకును అవయవము లుండవలెను, వానికిని మరల నుండవలెను, ఎచ్చటనో యొకచోట నీ విభాగము నిలువవలెను; నిలువనిచో మేరువునకును ఆవగింజకును భేదము చెప్పజాలమని తార్కికుల మాట. నిలిచిన చోటు పరమాణువు. ఒకే జాతి పరమాణువులు గుణములందు సమానములైనను, ఒకదానినుండి వేఱొకదానిని వేఱుచేయు విశేషమను పదార్థము ప్రతిదానియందును గలదని వైశేషికులు చెప్పిరి. వారి దర్శనమునకు ఆ పేరును దానివలననే వచ్చినదందురు.

1903లో సీడెంటాఫ్, జిగ్మాండీ యను పండితులు ప్రక్కనుండి వెలుగు ప్రసరింపజేసి, చీకటి నేపథ్యమున బంగారుకణములను చుక్కలుగా చూచిరి. అదియు కిటికీయెండ పద్ధతియే. నేడా కిటికీ చిప్పుమీదికి వచ్చినది. సిలికాన్ నైట్రైడుతో మైక్రాను వెడల్పునకు మించని పట్టీ నిర్మించి అందులో కాంతిని పంపుదురు. సంపూర్ణాంతర పరావర్తనమువలన కాంతి యందే యొదిగి సాగుచుండును గాని, దాని యంశము కొంత అంచును దాటి, సుమారు 100 నానోమీటర్ల మేర వెలుపల వ్యాపించి క్షీణించును. ఆ మేరలో బంగారుకణ మొక్కటి కూర్చుండెనా, ఆ వెలుగును మీదికి చిమ్మి సూక్ష్మదర్శినిలో మెఱయును.

సీసాలో కోట్లకొలది కణములు కలిసియున్నపుడు ద్రావణమంతయు కెంపురంగు. అది సమష్టిధర్మము, ఏ కణమునకును సొంతముగాని సగటు. విడివిడిగా చూచినపుడు గోళము ఆకుపచ్చగా వెలుగును, కడ్డీవంటిది ఎఱ్ఱగా వెలుగును; గోళములే యని మన మనుకొన్న రెంటిలోను, ఒకటి కొంచెము కోలగా నుండుటచేతనో, ఒకటి పలకలు తేలియుండుటచేతనో, ఛాయాభేదము కనబడును.

ఇచ్చటనే నాకు వైశేషికులతో పేచీ. 50 నానోమీటర్ల గోళమున సుమారు 40 లక్షల పరమాణువు లుండును. బంగారమునకు స్థిరమైన ఐసోటోపు ఒక్కటే, ద్రవ్యసంఖ్య 197. అందు రెంటిని తారుమారు చేసినను ప్రకృతి గుర్తింపదని నేటి భౌతికశాస్త్రము. వారు నిత్యపరమాణువునం దుంచిన విశేషము అచ్చట కానరాక, అవయవభేదముతో వారు సరిపెట్టిన కార్యద్రవ్యమున, ఆ కూర్పులో, ప్రత్యక్షమగుచున్నది. పరమాణువుల భేదము యోగులకు గోచరించునని ప్రశస్తపాదుడు వ్రాసినాడు. యోగిదృష్టిని సూక్ష్మదర్శినితో ఖండింపరాదని తార్కికు డనవచ్చును, అననిండు. అద్వైతి మాత్రము, కూర్పే భేదహేతువైనపుడు జీవభేదమును ఉపాధికృతమే యని సంతసింపవచ్చును. కాని జడముననున్న న్యాయమును చేతనమునకు అంటగట్టుటకు దృష్టాంత మొక్కటి చాలదు, హేతువు కావలెను, అది యీ చిప్పుమీద నాకు కనబడలేదు.